ఇంటి పలుకు, బడి పలుకు

మా వద్దకు చదువుకోవడానికి వచ్చే బాలల్లో అత్యధికులు మూడు నాలుగు భాషల నడుమ పెరిగినవారు. ఇంట్లో తల్లిదండ్రులతో దక్ఖనీ మాట్లాడతారు. వీధిలో స్నేహితులతో తమ జిల్లా తెలుగు మాట్లాడతారు. ఫజ్ర్ తరువాత మక్తబ్‌లో అరబీ అక్షరాలు దిద్దుతారు. తొమ్మిది గంటలకు బడికి వెళ్ళి ఇంగ్లీషు పుస్తకం తెరుస్తారు. పదేళ్ళు నిండని పసివాని నాలుక ఒక్క రోజులో ఇన్ని వాకిళ్ళు దాటుతుందంటే అది అభినందించవలసిన విషయం. కాని ప్రతి వాకిట్లోనూ పెద్దలు ఆ పసివానికి చెప్పే మొదటి మాట ఒక్కటే: "సరిగ్గా మాట్లాడు."

ఈ నెల పాఠక సోదరసోదరీమణులతో ఆ ఒక్క మాట గురించే మనసు విప్పి మాట్లాడదలచాము. పిల్లలు ఇంటి నుండి తెచ్చుకున్న మాండలికం పట్ల బోధకుల వైఖరి ఎలా ఉంది, ఎలా ఉండాలి అన్నది మా విషయం. ఎవరినో తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మూడు దశాబ్దాలుగా బోధనావృత్తిలో ఉన్న మేము స్వయంగా ఈ విషయంలో రెండు పొరపాట్లు చేశాము. ఒకటి కుమారునిగా, మరొకటి ఉస్తాదుగా. వాటిని దాచుకోవడం కన్నా చెప్పుకోవడమే మేలని భావిస్తున్నాము.

తల్లి పలుకును దిద్దిన కుమారుడు

మేము రాయలసీమలోని ఒక పల్లెలో, దక్ఖనీ మాట్లాడే కుటుంబంలో పుట్టాము. మా ఇళ్ళల్లో 'వద్దు' అనడానికి 'నక్కో' అంటారు. 'అవును' అనడానికి 'హౌ' అంటారు. 'ఎందుకు' అనడానికి 'కైకు' అంటారు. ఇవి నలుగురూ నవ్వే మాటలని పదిహేనో ఏట వరకు మాకు తెలియదు. ఆ ఏట దీనీ విద్య కోసం ఉత్తరాదిలోని ఒక విద్యాలయానికి వెళ్ళాము. మొదటి రోజు భోజనశాలలో వడ్డించే వ్యక్తి మరో రొట్టె వేయబోతే అలవాటు చొప్పున 'నక్కో' అన్నాము. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న వారందరూ గొల్లున నవ్వారు. ఆ తరువాత చాలా కాలం మమ్మల్ని ఎవరూ పేరుతో పిలవలేదు. 'నక్కో మియాఁ' అనే పిలిచారు.

నవ్విన వారిలో దుర్బుద్ధి లేదు. వారిలో చాలామంది తరువాత మాకు ప్రాణమిత్రులయ్యారు. అయినా ఆ నవ్వు తన పని తాను చేసింది. దాని నుండి తప్పించుకోవడానికి మేము రెండేళ్ళలో మా నాలుకను పూర్తిగా మార్చుకున్నాము. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ కొత్త నాలుకతోనే వచ్చాము. అమ్మ ఏదో చెబుతూ 'మేరేకు' అంటే, "అమ్మా, అలా అనకూడదు, 'ముఝే' అనాలి" అన్నాము. అమ్మ "హౌ బేటా" అని నవ్వింది. మరుక్షణమే నాలుక కరచుకుని "జీ హాఁ" అని దిద్దుకుంది. మేము సంతోషించాము. అమ్మకు కూడా చదువు చెబుతున్నామని మురిసిపోయాము.

ఆ సెలవుల్లోనే మా సహాధ్యాయులు ఇద్దరు అతిథులుగా వచ్చారు. అమ్మ మూడు రోజులూ రకరకాల వంటలు చేసి పెట్టింది. పరదా వెనుక నుండి పళ్ళేలు అందించింది. కాని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఊళ్ళో ఏ అతిథి వచ్చినా పరదా వెనుక నుండే కుశలప్రశ్నలు వేసి, ఇంకొంచెం తినమని బలవంతపెట్టే మనిషి ఆమె. వారు వెళ్ళిన తరువాత కారణం అడిగాము. "నేను నోరు తెరిస్తే నీకు తలవంపులు కదా బేటా" అంది. మేము ఏమి జవాబు చెప్పామో ఇప్పుడు గుర్తు లేదు. చెప్పడానికి జవాబు ఉండి ఉండదు.

దక్ఖనీ చెడిపోయిన ఉర్దూ కాదు

మా తల్లి తన భాషను తప్పు భాష అనుకుంది. అప్పుడు మేము కూడా అలాగే అనుకున్నాము. ఇప్పటికీ చాలామంది ఉపాధ్యాయులు అలాగే అనుకుంటున్నారు. దక్ఖనీ అంటే ఉర్దూ సరిగ్గా నేర్చుకోలేని వారు మాట్లాడే ఉర్దూ అన్నది సాధారణ అభిప్రాయం. చరిత్ర వేరుగా చెబుతోంది.

పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీ ప్రాంతం నుండి దక్కనుకు తరలివచ్చిన సైనికులు, వర్తకులు, సూఫీల వెంట వచ్చిన పలుకు ఇక్కడి మరాఠీ, తెలుగు, కన్నడ భాషల సాహచర్యంలో పెరిగి దక్ఖనీగా రూపుదిద్దుకుంది. బహమనీ సుల్తానుల అనంతరం బీజాపూర్, గోల్కొండ దర్బారులలో అది సాహిత్యభాష అయింది. 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించిన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా తన కవిత్వాన్ని ఈ భాషలోనే రాశాడు. ఉర్దూ సాహిత్యచరిత్రలో తొలి దీవాన్ కర్తగా ఆయననే పేర్కొంటారు. 1635లో ముల్లా వజ్హీ రచించిన 'సబ్‌రస్' తొలినాటి ఉర్దూ వచన రచనల్లో ప్రసిద్ధమైనది. అదీ దక్ఖనీలోనిదే. 1700 ప్రాంతంలో వలీ దక్కను నుండి ఢిల్లీకి వెళ్ళి తన కవిత్వం వినిపించిన తరువాతనే అక్కడి ఫార్సీ కవులు ఈ భాష వైపు మొగ్గారన్నది సాహిత్య చరిత్రకారులు తరచూ చెప్పే మాట. అంటే ఉత్తరాది ఉర్దూ కవిత్వం నిలదొక్కుకోక ముందే దక్ఖనీకి రాజులు, కవులు, గ్రంథాలు ఉన్నాయి.

దీనికి తనదైన వ్యాకరణం కూడా ఉంది. 'బాత్' బహువచనంలో 'బాతాఁ' అవుతుంది, 'లోగ్' 'లోగాఁ' అవుతుంది. ఈ సూత్రాన్ని మా ఊరి నాలుగేళ్ళ పిల్ల కూడా తప్పు లేకుండా పాటిస్తుంది. 'నక్కో' మరాఠీ 'నకో' నుండి వచ్చింది. మన తెలుగు దాని వాక్యనిర్మాణంలోకే ప్రవేశించింది. 'వాడు వస్తానని చెప్పాడు' అనే వాక్యాన్ని తీసుకోండి. ప్రామాణిక ఉర్దూలో 'ఉస్‌నే కహా కె మైఁ ఆఊఁగా' అంటారు. చెప్పాడు అన్నది ముందు, చెప్పిన సంగతి తరువాత. దక్ఖనీలో 'ఉనే ఆతూఁ బోల్కే బోల్యా' అంటారు. తెలుగులో 'అని' ఉన్న చోటనే 'బోల్కే' ఉంది. తెలుగువారి పొరుగున కొన్ని శతాబ్దాలు కలిసి బతికిన భాష ఇలాగే ఉంటుంది. దీనిని అశుద్ధమనడం పొరుగువారితో కలిసి బతకడాన్ని అశుద్ధమనడమే.

ఇంతటి భాషకు నేడు మిగిలిన స్థానం ఏది? ముషాయిరాలలో హాస్యకవుల వంతు వచ్చినప్పుడు దక్ఖనీ వినిపిస్తుంది. సినిమాలలో మెహమూద్ వంటి హాస్యనటుల నోట వినిపించింది. సులేమాన్ ఖతీబ్ వంటి కవులు ఈ భాషలో నవ్విస్తూనే కంటతడి పెట్టించారు కాని, వినేవారికి నవ్వు మాత్రమే గుర్తుండిపోయింది. నలుగురిలో నవ్వించడానికి పనికివచ్చే భాష బడిలో ప్రశ్న అడగడానికి పనికిరాదని పిల్లవాడు చాలా త్వరగా గ్రహిస్తాడు.

తెలుగు బడిలోనూ ఇదే కథ

ఇది ఉర్దూ మాట్లాడేవారి సమస్య మాత్రమే కాదు. మన తెలుగు ఇదే దారిలో నడిచింది. ఒకప్పుడు బడిలో గ్రాంథికం తప్ప మరొకటి రాయడానికి వీలుండేది కాదు. మాట్లాడే తెలుగుకు చదువులో చోటు కావాలని గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) జీవితమంతా పోరాడారు. ఆయన గురించి మనం తక్కువగా తలచుకునే విషయం మరొకటి ఉంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉన్నప్పుడు ఆయన కొండలలో నివసించే సవరల భాషను నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సవర బాలల కోసం బడులు పెట్టించారు. బోధకుడు ముందుగా పిల్లవాని భాష నేర్చుకోవాలన్న సూత్రాన్ని ఆయన ఆచరించి చూపారు.

వ్యావహారికం గెలిచింది. కాని ఎవరి వ్యావహారికం? పత్రికల ద్వారా, పుస్తకాల ద్వారా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న వారి పలుకు ప్రామాణిక రూపం పొందింది. తెలుగులో నాలుగు ప్రధాన మాండలిక ప్రాంతాలు ఉన్నాయని భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ప్రభృతులు వివరించారు. వ్యవసాయ పదాలతో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం తెరిచి చూస్తే ఒకే పనిముట్టుకు ఎన్ని జిల్లాల్లో ఎన్ని పేర్లు ఉన్నాయో తెలుస్తుంది. ఆ సంపద అంతా బడి గడప దగ్గర ఆగిపోయింది. తెలంగాణ పిల్లవాడు 'పోయిండు' అంటే, సీమ పిల్ల 'ఎట్లుండావు' అంటే, సిక్కోలు పిల్లవాడు 'ఎల్తన్నాను' అంటే తరగతి నవ్వింది, గురువు కూడా నవ్వాడు. కాళోజీ నారాయణరావు (1914–2002) వంటివారు ఈ అవమానాన్ని గట్టిగా ప్రశ్నించారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం వెనుక ఆ బాధ ఉంది.

మన ముస్లిం బాలలు ఈ నవ్వును రెండు చోట్ల భరిస్తారు. తెలుగు బడిలో వారి తెలుగును 'సాయిబుల తెలుగు' అంటారు. ఉర్దూ బోధించే చోట వారి ఉర్దూను 'పల్లెటూరి ఉర్దూ' అంటారు. తెలుగే మాతృభాషగా గల నూర్‌బాషా సోదరుల పిల్లలకు మదరసాలో మరో అడ్డంకి ఎదురవుతుంది. ఉర్దూ రాకపోవడాన్ని దీన్ తెలియకపోవడంగా భావించే వారు మనలో ఇంకా ఉన్నారు. ఇది అన్యాయమని స్పష్టంగా చెప్పవలసి ఉంది.

ఒక బాలుని మౌనం

ఇప్పుడు మా రెండో పొరపాటు.

మేము బోధన ప్రారంభించిన తొలినాళ్ళలో ప్రకాశం జిల్లాలోని ఒక గ్రామం నుండి పదకొండేళ్ళ బాలుడు మా వద్ద చేరాడు. తండ్రి ఎడ్ల సంతల్లో బేరాలు చేసేవాడు. ఒకనాడు పాఠంలో అమానత్ గురించి వివరించి, ఎవరైనా తిరిగి చెప్పండి అన్నాము. ఈ బాలుడు చేయి ఎత్తాడు. సంతలో ఒకరు అప్పగించిన ఎద్దును తన తండ్రి మూడు రోజులు ఎలా మేపి అప్పగించాడో చెబుతూ, అమానత్ అంటే ఇదేనని వివరించాడు. ఉదాహరణ చక్కనిది. కాని భాష పూర్తిగా దక్ఖనీ, నడుమ నడుమ తెలుగు. మేము ఉదాహరణను మెచ్చుకోలేదు. అతని వాక్యాన్ని అతని యాసలోనే తిరిగి పలికి, "ఇది ఏ దేశపు భాష?" అన్నాము. తరగతి నవ్వింది. మమ్మల్ని 'నక్కో మియాఁ' అన్న నవ్వే అది. ఈసారి దానిని మేమే పుట్టించాము.

ఆ తరువాత ఆ బాలుడు అడిగిన దానికి పుస్తకంలోని వాక్యాన్ని కంఠస్థం చేసి అప్పగించేవాడు. అంతకు మించి ఒక్క మాట అనేవాడు కాదు. ప్రశ్న వేయడం పూర్తిగా మానేశాడు. మేము అతనిని మందబుద్ధి అని భావించాము. సహ ఉపాధ్యాయులతో అలాగే అన్నాము కూడా.

కొన్ని నెలల తరువాత ఒక సాయంత్రం వజూ చేయడానికి వెళ్ళినప్పుడు నీళ్ళ తొట్టి అవతల నుండి అతని గొంతు వినిపించింది. చిన్న తరగతి పిల్లలు ఇద్దరికి మేము ఆ రోజు చెప్పిన పాఠాన్నే దక్ఖనీలో చెబుతున్నాడు. మేము చెప్పని ఉదాహరణలు చెబుతున్నాడు. వారు అడిగిన దానికల్లా జవాబిస్తున్నాడు. మందబుద్ధి అనుకున్న బాలుడు మాకన్నా మంచి బోధకుడు. మాతో మాట్లాడాలి అనుకున్నాము. రమజాన్ సెలవులు దగ్గరపడ్డాయి. తిరిగి వచ్చాక మాట్లాడవచ్చు అనుకున్నాము. అతను తిరిగి రాలేదు. ఉత్తరం రాస్తే తండ్రి నుండి జవాబు వచ్చింది: పిల్లవాడు తనకు చదువు రాదని అంటున్నాడు, సంతకు తీసుకెళుతున్నాను.

బోధకుని చెవి చేసే తీర్పు

ఇటువంటి పొరపాటు మా ఒక్కరిదే కాదని తరువాత చదువుకున్నప్పుడు తెలిసింది. ఇతర దేశాలలో దీనిపై పరిశోధనలే జరిగాయి. 1972లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కెనడాలోని మాంట్రియల్ నగరపు బాలుర స్వరాలను, వారు రాసిన వ్యాసాలను, గీసిన బొమ్మలను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవారి ముందు ఉంచారు. పిల్లల తెలివితేటలను అంచనా వేయమన్నారు. వ్యాసం, బొమ్మ ఎంత చక్కగా ఉన్నా, పిల్లవాడు మాట్లాడే తీరు ఆ అంచనాను ప్రభావితం చేసింది. కన్ను చూసిన దానిని చెవి మార్చివేసింది.

అమెరికాలోని ఆన్ ఆర్బర్ పట్టణంలో ఈ విషయం న్యాయస్థానం వరకు వెళ్ళింది. నల్లజాతికి చెందిన పేద బాలల తల్లులు, తమ పిల్లలకు బడిలో చదవడం రావడం లేదని, బడి వారిని చదువు అబ్బని పిల్లలుగా లెక్కగడుతోందని వ్యాజ్యం వేశారు. 1979లో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్ తీర్పు ఇచ్చారు. పిల్లల ఇంటి భాషను ఉపాధ్యాయులు గుర్తించకపోవడం, దాని పట్ల తమకు తెలియకుండానే చిన్నచూపు కలిగి ఉండడం వారి చదువుకు అడ్డుగోడ అవుతున్నదని ఆయన గ్రహించారు. పిల్లల ఇంటి భాషను ఉపాధ్యాయులు తెలుసుకుని, ఆ జ్ఞానంతో ప్రామాణిక ఇంగ్లీషు చదవడం నేర్పే ప్రణాళిక రూపొందించమని ఆదేశించారు. బడిలో మాండలికాన్ని బోధించమని ఆ తీర్పు చెప్పలేదు. ప్రామాణిక భాషను చేరడానికి ఇంటి భాష మీదుగా దారి వేయమంది.

మన దేశంలో కూడా చట్టాలు, విధానాలు ఇదే దిశలో ఉన్నాయి. భాషాపరమైన అల్పసంఖ్యాకుల బాలలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనా సౌకర్యం కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో గాని, మాతృభాషలో గాని, స్థానిక భాషలో గాని బోధన జరగాలని 2020 జాతీయ విద్యావిధానం సూచిస్తోంది. అయితే కాగితం మీది విధానం తరగతి గదిలోకి రావాలంటే అది ఉపాధ్యాయుని నోటి గుండానే రావాలి.

దైవప్రవక్త (స) బోధనా పద్ధతి

మాకు పరిశోధనల కన్నా ముందే ఈ విషయం తెలిసి ఉండవలసింది. ఎందుకంటే మేము విద్యార్థులకు ఏటా చెప్పే హదీసులలోనే అది ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఒకసారి హిషామ్ బిన్ హకీమ్ (రజి) నమాజులో ఫుర్ఖాన్ సూరాను తాను నేర్చుకున్న దానికి భిన్నంగా పారాయణం చేయడం విన్నారు. నమాజు ముగిసే వరకు కష్టంగా ఓర్చుకుని, ఆ తరువాత ఆయన దుప్పటి పట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకువెళ్ళారు. దైవప్రవక్త (స) ముందుగా ఆయనను వదలిపెట్టమన్నారు. తరువాత హిషామ్ (రజి)ను పారాయణం చేయమని విని, ఇలాగే అవతరించిందన్నారు. ఉమర్ (రజి)ను పారాయణం చేయమని విని, ఇలాగే అవతరించిందన్నారు. ఖుర్ఆన్ ఏడు హర్ఫులలో అవతరించిందని, సులభమైన విధంగా పారాయణం చేయమని ఉపదేశించారు. ఈ ఏడు హర్ఫుల భావం గురించి ఉలమాలు పలు వ్యాఖ్యానాలు చేశారు. భిన్న తెగల నాలుకలకు సౌలభ్యం కలిగించడం అందులోని ఒక ప్రయోజనమని అనేకులు వివరించారు. తన సమాజంలో వృద్ధులు, బాలలు, చదువు రాని వారు ఉన్నారని దైవప్రవక్త (స) స్వయంగా విన్నవించుకున్నట్లు తిర్మిజీలోని ఒక హదీసు తెలుపుతోంది. ఈ సౌలభ్యం దైవప్రవక్త (స) నేర్పిన పారాయణాలకే పరిమితం, ఎవరికి తోచినట్లు వారు చదవడానికి అనుమతి కాదు. అయినా ఇందులో బోధకులకు ఒక పాఠం ఉంది. మొదట దుప్పటి వదలాలి. తరువాత వినాలి. ఆ పిదపనే తీర్పు చెప్పాలి.

ముఆవియా బిన్ హకమ్ (రజి) వృత్తాంతం కూడా ఇటువంటిదే. ఆయన కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు. నమాజులో ఎవరో తుమ్మితే బిగ్గరగా దుఆ పలికారు. చుట్టూ ఉన్నవారు కళ్ళెర్రజేశారు. నమాజు తరువాత దైవప్రవక్త (స) ఆయనను కసరలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో ఏమి పలకాలో మృదువుగా చెప్పారు. అంతకన్నా ఉత్తమమైన బోధకుణ్ణి తాను చూడలేదని ఆ సహాబీయే సాక్ష్యమిచ్చారు. తప్పు అక్కడ దిద్దబడింది. తప్పు చేసిన మనిషి మాత్రం చిన్నబోలేదు.

ఎక్కడ దిద్దాలి, ఎలా దిద్దాలి

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం కలగవచ్చు. అయితే ఏమీ దిద్దకూడదా? పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళవద్దా? పరీక్షలు రాయవద్దా? ఖుర్ఆన్ తజ్వీద్‌తో చదవవద్దా?

తప్పక దిద్దాలి. తజ్వీద్ విషయంలో రాజీ లేదు. మా బాలలకు అన్నింటికన్నా కష్టమైన అక్షరం ఖాఫ్. దక్ఖనీ మాట్లాడేవారు ఖాఫ్‌ను ఖే లాగా పలుకుతారు. ఉత్తరాదిలో చాలామంది సామాన్యులు దానినే కాఫ్ లాగా పలుకుతారు. మమ్మల్ని చూసి నవ్విన వారిలో కూడా అలా పలికేవారు ఉన్నారు! తెలుగు లిపిలో ఈ తేడా చూపే అక్షరం లేదు. ఈ పత్రికలో సైతం ఖుర్ఆన్, ఖబర్ అనే రెండు మాటలకు ఒకే 'ఖ' రాస్తాము. కాని అరబీలో అక్షరం మారితే అర్థం మారుతుంది. ఖాఫ్‌తో 'ఖాల్' అంటే 'చెప్పాడు'. ఖేతో 'ఖాల్' అంటే 'మేనమామ'. కనుక నాలుక మొదలు పైకి లేచి అంగిలి వెనుక భాగాన్ని తాకితే ఖాఫ్ అని, గొంతు పైభాగం నుండి ఊపిరి ఒరుసుకుని వస్తే ఖే అని ఓపికగా నేర్పాలి.

ఇదివరకు మేము "మీ ఇళ్ళల్లో అందరూ తప్పుగానే పలుకుతారు" అనేవాళ్ళము. ఇప్పుడు "ఇంట్లో 'ఖలమ్' అనడానికి ఈ అక్షరం చాలు, అల్లాహ్ గ్రంథం చదివేటప్పుడు ఆ అక్షరం కావాలి" అంటున్నాము. నేర్పే అక్షరం ఒకటే. మొదటి మాటలో పిల్లవాని తల్లి ఓడిపోతుంది. రెండో మాటలో ఎవరూ ఓడిపోరు. పైగా కష్టపడి, తడబడుతూ ఖుర్ఆన్ చదివే వారికి రెండింతల పుణ్యం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. తడబడే నాలుకకు అల్లాహ్ రెండింతలు ఇస్తూ ఉంటే, మనం దానికి నవ్వును ఇవ్వడం తగునా?

ఉర్దూ, తెలుగు పాఠాలలో మేము కొన్ని పద్ధతులు పాటిస్తున్నాము. సోదర ఉపాధ్యాయులకు ఉపయోగపడవచ్చునని చెబుతున్నాము. పిల్లలు పాఠం అర్థమైందని చెప్పేటప్పుడు ఏ పలుకులో చెప్పినా స్వీకరిస్తాము. అప్పుడు మేము చూసేది అవగాహనను మాత్రమే. పిల్లవాడు మాట్లాడుతూ ఉండగా నడుమ ఆపి దిద్దము. అతను ముగించిన తరువాత అతని భావాన్నే ప్రామాణిక భాషలో ఒకసారి తిరిగి చెబుతాము. చెవి దానిని పట్టుకుంటుంది. వారానికి ఒక రోజు నల్లబల్ల మీద రెండు వరుసలు గీస్తాము. ఒక వైపు 'ఇంట్లో', మరో వైపు 'పుస్తకంలో'. 'మేరేకు' ఒక వైపు, 'ముఝే' మరో వైపు. 'పోయిండు' ఒక వైపు, 'వెళ్ళాడు' మరో వైపు. తప్పు, ఒప్పు అన్న మాటలు అక్కడ రాయము. పిల్లలు ఇంటి నుండి కొత్త మాటలు తెచ్చి మొదటి వరుస నింపడానికి పోటీపడతారు. అలా నింపుతూ రెండో వరుసను తమంతట తామే నేర్చుకుంటారు. పరీక్షలో మాత్రం రెండో వరుసలోనే రాయాలని స్పష్టంగా చెబుతాము. ఒక పిల్లవాని యాసను మరొకరు అనుకరించి వెక్కిరించడాన్ని అసలు అనుమతించము. ఈ నియమం ముందుగా ఉపాధ్యాయులకు వర్తిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఈ రోజుల్లో చాలా ఇళ్ళల్లో తల్లులు పిల్లలతో తమకు సరిగ్గా రాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడుతున్నారు. బడివారు చెప్పారని కొందరు, పిల్లలు వెనకబడతారని కొందరు అలా చేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. మీకు నిండుగా వచ్చిన భాషలో పిల్లలకు కథలు చెప్పండి, ప్రవక్తల గాథలు చెప్పండి, మందలించండి, లాలించండి. అది దక్ఖనీ కావచ్చు, సీమ తెలుగు కావచ్చు, తెలంగాణ తెలుగు కావచ్చు. ఇంట్లో ఒక భాషను గట్టిగా నేర్చుకున్న పిల్లవానికి బడిలో మరో భాష భారం కాదు. మీ కుమారుడు రేపు పెద్ద చదువు చదివి వచ్చి మీ మాటను దిద్దితే, నాలుక కరచుకోకండి. "ఇది మీ నానీ మాట, నాకు ఆమె ఇచ్చింది" అని చెప్పండి. మా అమ్మ అలా చెప్పి ఉంటే మేము అప్పుడే నేర్చుకుని ఉండేవాళ్ళమేమో. అల్లాహ్ ఆమెకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమె చివరి సంవత్సరాలలో మేము ఆమెతో దక్ఖనీలోనే మాట్లాడాము. ఆమె ఏమీ అనలేదు, కాని మాటలు పెరిగాయి.

గత షవ్వాల్‌లో కొత్త విద్యార్థుల ప్రవేశాలు జరుగుతుండగా నలభై దాటిన ఒక వ్యక్తి తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. గడ్డం నెరిసినా కళ్ళు చూసి గుర్తుపట్టాము. ప్రకాశం జిల్లా బాలుడే. ఇప్పుడు సొంతంగా పశువుల వ్యాపారం చేస్తున్నాడు. మేము ఆనాటి తప్పును ప్రస్తావించి క్షమాపణ కోరబోతే చేయి పట్టుకుని ఆపాడు. పాత సంగతులేవీ మాట్లాడలేదు. కుమారుణ్ణి ముందుకు నెట్టి ఒక్కటే అడిగాడు: "ఇస్కు జరా బాతాఁ కర్నే దేవ్, హజ్రత్." వీణ్ణి కాస్త మాట్లాడనివ్వండి.

ఆ బాలుణ్ణి మా పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఊరి సంత గురించి చెప్పమన్నాము. మొదట తండ్రి ముఖం వైపు చూశాడు. తరువాత మొదలుపెట్టాడు. అసర్ అజాన్ వినిపించే వరకు చెబుతూనే ఉన్నాడు.